ఈ గోడకు డబ్బు ఎవరిచ్చారు? ఫ్లోరెన్స్ వీధుల్లో గైడు వెంట ఒక నడక

(ఒక గ్రంథాలయ సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

ఫ్లోరెన్స్ గురించి ప్రసంగం అనగానే మీలో చాలామంది మైకెలాంజెలో కోసం వచ్చి ఉంటారు. ఆయన దగ్గరికి తప్పకుండా వెళతాం, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ఈ సాయంత్రం నేను ఎక్కువగా మాట్లాడబోయేది డబ్బు గురించి. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని పిలిచి కళ గురించి మాట్లాడమంటే ఇలాగే ఉంటుంది. (నవ్వులు) అయితే ఈ చూపు నా సొంతం కాదు. అక్కడ మమ్మల్ని నడిపించిన గైడు దగ్గర నేర్చుకున్నాను.

ఆవిడకు అరవై ఏళ్లు ఉంటాయేమో. మెడలో లైసెన్సు కార్డు. ఇటలీలో లైసెన్సు లేకుండా గైడు పని చేయకూడదు, పట్టుబడితే జరిమానా. మా అందరి చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు, ఆవిడ కాలరుకు మైకు. అందువల్ల ఆవిడ గొంతు పెంచాల్సిన పని లేదు, మేం ఒకరినొకరు తోసుకోవాల్సిన పని లేదు. మంచి కట్టడం ఎదురైనప్పుడల్లా ఆవిడ ఆగి, తేదీలు చెప్పకముందే ఒక ప్రశ్న వేసేవారు: "దీనికి డబ్బు ఎవరిచ్చారు?" మొదట్లో మాకు నవ్వొచ్చింది. మధ్యాహ్నానికల్లా మేమే ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాం.

ఊరి స్వరూపం ముందు చెబుతాను. పాత ఫ్లోరెన్స్ చిన్నది. రైలు స్టేషను నుంచి ప్రధాన చర్చికి పది నిమిషాల నడక. అక్కడి నుంచి ఆర్నో నది ఒడ్డుకు మరో పది నిమిషాలు. నడిమి ప్రాంతంలోకి బయటి కార్లను రానివ్వరు. 1982లో ఆ ప్రాంతం మొత్తాన్నీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బస్సులో కూర్చుని అద్దంలోంచి చూద్దామంటే కుదరదు. వీధులు అంత ఇరుకు, గోడలు అంత ఎత్తు. ఆ గోడలు కూడా బయటికి చాలా మొరటుగా, కోట గోడల్లా ఉంటాయి. తనంతట తానుగా తిరిగే మనిషికి అవి ఏమీ చెప్పవు. గైడు అవసరం అక్కడే వస్తుంది.

మా నడక స్టేషను ఎదురుగా ఉన్న సాంతా మరియా నొవెల్లా చర్చి దగ్గర మొదలైంది. తెలుపు, ముదురు ఆకుపచ్చ పాలరాళ్లతో గణితం లెక్కలా పొందిగ్గా ఉంటుంది దాని ముఖభాగం. పై భాగాన్ని రూపొందించినవాడు లియోన్ బత్తిస్తా ఆల్బెర్తి. మా వాళ్లందరూ ఫోన్లు తీశారు. ఆవిడ మాత్రం, "ఫొటో తర్వాత, ముందు పైన అక్షరాలు చదవండి" అన్నారు. చర్చి నెత్తిన, త్రికోణం కింద, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పెద్ద పెద్ద లాటిన్ అక్షరాలు. దేవుడి పేరు కాదు, మరియమ్మ పేరు కాదు. పావోలో కొడుకు జొవాన్ని రుచెల్లాయ్, 1470. అంటే ఖర్చు పెట్టినాయన పేరు! మన గుళ్లలో ట్యూబులైటు మీద, వెలుగు సగం కనిపించకుండా దాత పేరు రాయించుకుంటారు చూడండి, అచ్చం ఆ పని. (నవ్వులు) కాకపోతే ఈయన ట్యూబులైటు బదులు చర్చి ముఖమే ఇచ్చాడు.

ఎవరీ రుచెల్లాయ్? రంగుల వ్యాపారి వంశం. రాళ్ల మీద పెరిగే ఒక రకం నాచు నుంచి ఊదా ఎరుపు రంగు తీసి ఉన్ని బట్టలకు వేయడం వాళ్ల పూర్వీకుల వ్యాపారం. ఆ రంగు మీదనే ఇంటిపేరు కూడా వచ్చింది. ఆవిడ చూపిస్తే గాని మాకు కనిపించలేదు: గోడ మధ్యలో అడ్డంగా సాగే పట్టీలో చిన్న చిన్న తెరచాపలు, గాలికి పొంగి ఉంటాయి. అది రుచెల్లాయ్ ఇంటి చిహ్నం, అదృష్టదేవత తెరచాప. పేరు చాలదన్నట్టు చిహ్నం కూడా వరసగా చెక్కించుకున్నాడు. నాకు ఆ మనిషి మీద కోపం రాలేదు. ఐదున్నర శతాబ్దాలుగా నిలిచిన పని చేయించాడు, పేరు రాయించుకున్నాడు, బాకీ తీరిపోయింది.

అక్కడే ఆవిడ మాకు ఫ్లోరిన్ గురించి చెప్పారు. 1252లో ఈ ఊరు ఒక బంగారు నాణెం ముద్రించడం మొదలుపెట్టింది. సుమారు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం. ఒకవైపు ఊరి చిహ్నమైన లిల్లీ పువ్వు, ఇంకోవైపు ఊరి రక్షకుడు, బాప్తిస్మమిచ్చే యోహాను. బరువులో, స్వచ్ఛతలో తేడా రానివ్వలేదు కాబట్టి యూరప్ అంతా ఆ నాణేన్ని నమ్మింది. ఆ నమ్మకం మీద బ్యాంకులు లేచాయి. తర్వాత ఈ ఊరినే ఏలిన మెదీచీ కుటుంబం బ్యాంకు 1397లో మొదలైంది.

నా పాత వృత్తి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి. అప్పట్లో వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి నియమం. వడ్డీ లేకుండా బ్యాంకు ఎలా నడుస్తుంది? దానికొక ఉపాయం కనిపెట్టారు. ఫ్లోరెన్స్‌లో మీకు ఫ్లోరిన్లు ఇస్తాను. కొన్ని నెలల తర్వాత లండన్‌లోనో బ్రూజ్‌లోనో అక్కడి నాణేల్లో నా మనిషికి మీరు చెల్లిస్తారు. అందుకు ఒక హుండీ, అంటే చెల్లింపు పత్రం, రాసుకుంటాం. పత్రంలో వడ్డీ అన్న మాటే ఉండదు. లాభమంతా మారకపు రేటులో ఒదిగి ఉంటుంది. ఖాతా పుస్తకం శుభ్రంగా ఉంటుంది. కానీ మనస్సాక్షి ఖాతా వేరే కదా. ఊళ్లో సగం చర్చిల్లోని చిత్రాలు, చాపెళ్లు (చర్చి లోపలి చిన్న ప్రార్థన గదులు) ఆ రెండో ఖాతా సర్దుబాటు కోసం పుట్టాయని గైడు వాదన. కోసిమో మెదీచీ 1437 నుంచి సాన్ మార్కో మఠాన్ని తన ఖర్చుతో తిరిగి కట్టించాడు. సన్యాసుల గదుల్లో ఫ్రా ఆంజెలికో వేసిన చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మఠంలో కోసిమో తన ధ్యానానికి కూడా ఒక గది ఉంచుకున్నాడు. భక్తి అబద్ధమని నేను అనను. భయం, భక్తి, పేరు మీద మోజు, ఈ మూడింటిని విడదీసి చూపించగల ఆడిటరు ఇంకా పుట్టలేదు.

ఇక ప్రధాన చర్చి, సాంతా మరియా దెల్ ఫియోరె. అందరూ దాని ముందు నిలబడి తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రాళ్ల ముఖభాగాన్ని ఫొటో తీస్తారు. చర్చి మొత్తంలో కొత్త భాగం అదే, 1887లో పూర్తయింది. పాత అసంపూర్ణ ముఖాన్ని 16వ శతాబ్దం చివర్లో కూల్చేశాక దాదాపు మూడు వందల ఏళ్లు అది మొండిగోడగానే ఉంది. ఆవిడ మమ్మల్ని వెనక్కి తిరగమన్నారు. ఎదురుగా ఎనిమిది పలకల బాప్తిస్మశాల, దానికి బంగారు పూత కంచు తలుపులు.

ఆ తలుపుల ఖర్చు కాలిమాలా సంఘానిది. విదేశాల నుంచి వచ్చిన ఉన్ని బట్టకు మెరుగులు దిద్ది అమ్ముకునే వర్తకుల సంఘం అది. 1401లో వాళ్లు పోటీ పెట్టారు. అబ్రహాము కొడుకును బలి ఇవ్వబోయే ఘట్టాన్ని కంచులో చేసి చూపాలి. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు లొరెంజో గిబెర్తి గెలిచాడు. ఫిలిప్పో బ్రూనెల్లెస్కి ఓడిపోయాడు. ఇద్దరూ కంసాలి పని నేర్చినవాళ్లే. ఇద్దరి పలకలూ ఇప్పుడు బార్జెల్లో మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాయి. వీలైతే చూసి, మీ తీర్పు మీరే ఇచ్చుకోండి. నా ఓటు ఓడినవాడికి. గిబెర్తి ఆ తర్వాత మరో జత తలుపులు 1425లో మొదలుపెట్టి 1452లో ముగించాడు. ఇరవై ఏడేళ్లు! బాప్తిస్మశాల దగ్గర ఇప్పుడు జనం మూగేది నకలు చుట్టూ. అసలు తలుపులు చర్చి వెనక ఉన్న మ్యూజియంలో గాజు వెనక భద్రంగా ఉన్నాయి.

ఓడిన బ్రూనెల్లెస్కి ఊరికే ఉండలేదు. చర్చి పైన గుమ్మటం కట్టాల్సిన చోట పెద్ద ఖాళీ మిగిలిపోయి ఉంది. లోపలి వెడల్పు సుమారు 45 మీటర్లు. అంత వెడల్పుకు కింద నుంచి చెక్క ఆధారం నిలబెట్టాలంటే కలప చాలదు, నిలవదు. ఆయన ఆధారమే లేకుండా కడతానన్నాడు. 1420లో పని మొదలై 1436లో ముగిసింది. లోపలొక పొర, బయటొక పొర, మధ్యలో మెట్లు. ఇటుకలను అడ్డవరసల మధ్య అక్కడక్కడా నిలువుగా దిగేస్తూ వంకర పట్టీలుగా పేర్చాడు. సున్నం ఆరేలోపు పై ఇటుక జారిపోకుండా ఆ నిలువు ఇటుకలు పట్టి ఉంచుతాయి. ఏ రోజుకు ఆ రోజు గుమ్మటం తన బరువు తానే మోసుకుంటూ పైకి లేచింది. ఈ పని పర్యవేక్షణ ఉన్ని సంఘానిది.

మరో సంగతి. గుమ్మటం పని జోరుగా సాగుతుండగా, 1434లో బ్రూనెల్లెస్కిని జైల్లో వేశారు. కారణం తెలుసా? తాపీ, వడ్రంగి పనివాళ్ల సంఘానికి సభ్యత్వ రుసుము కట్టలేదు. ఊరికే తలమానికమైన కట్టడం కడుతున్న మనిషిని చందా బాకీకి లోపల వేశారు! చర్చి నిర్మాణ కార్యాలయం వాళ్లు ఊరుకోలేదు. ఆ సంఘం మనిషినొకడిని జైల్లో వేయించి, తమవాణ్ణి విడిపించుకున్నారు. (నవ్వులు)

1436 మార్చి 25న పోప్ నాలుగో యూజీనియస్ స్వయంగా వచ్చి చర్చిని ప్రతిష్ఠించాడు. ఆ తేదీకి కారణం ఉంది. ఫ్లోరెన్స్‌లో అప్పుడు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 18వ శతాబ్దం నడిమి వరకు ఆ పద్ధతే. మన ఉగాది రోజుల్లోనే వాళ్ల ఉగాది కూడా.

ఈ పోప్ దగ్గర మన చరిత్రకు ఒక చిన్న దారం ఉంది. నికొలో కాంతి అనే వెనిస్ వర్తకుడు 15వ శతాబ్దం మొదట్లో మన దేశం తిరిగి, విజయనగరం చూసి వెళ్లాడు. ప్రయాణంలో ప్రాణభయంతో మతం మార్చుకోవలసి వచ్చింది. ఇటలీ తిరిగి చేరాక ఈ యూజీనియస్ నుంచే క్షమాపణ పొందాడు. పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చోలిని ఆయన నోట విన్న యాత్ర అంతా లాటిన్‌లో రాసి పెట్టాడు. విజయనగరం చుట్టుకొలత 60 మైళ్లనే మాట అందులోదే. ఆ పోజ్జో తర్వాత ఫ్లోరెన్స్ ప్రభుత్వానికి ప్రధాన లేఖకుడయ్యాడు. సమాధి సాంతా క్రోచె చర్చిలో.

గుమ్మటం నెత్తిన శిల్పి వెరోక్కియో 1471లో రాగి గోళం పెట్టాడు. అప్పట్లో ఆయన దగ్గర శిష్యరికం చేస్తున్న కుర్రాడి పేరు లియొనార్దో దా విన్చీ. 1600లో పిడుగు పడి ఆ గోళం కిందికి దొర్లింది. చర్చి వెనక వైపు నేల మీద తెల్లటి పాలరాతి చక్రం ఒకటి పొదిగి ఉంటుంది, అది పడిన చోటు. దాని మీద జనం ఐస్‌క్రీం తింటూ నిలబడి ఉంటారు. గైడు లేకపోతే మేమూ అదే చేసేవాళ్లం.

అక్కడి నుంచి నేరుగా ఈశాన్యంగా ఒక వీధి సాంతిస్సిమా అన్నున్‌జియాతా చౌకుకు పోతుంది. చాలా బృందాలు అటు వెళ్లవు, సమయం లేదంటారు. మా గైడు వెళ్లారు. నాకు ఫ్లోరెన్స్‌లో అన్నిటికంటే గుర్తుండిపోయింది ఆ చౌకే.

అక్కడ ఒక అనాథ శిశువుల ఆశ్రమం ఉంది. పేరు ఇన్నోచెంతి. దీనికి డబ్బు ఎవరిచ్చారు? పట్టు సంఘం. 1419లో పని బ్రూనెల్లెస్కికి అప్పగించారు. చౌకు పొడవునా సన్నని బూడిదరంగు స్తంభాలు, వాటి మీద తేలికైన అర్ధవృత్తాకార తోరణాలు, తెల్లగోడ. ఆడంబరం లేదు. కొత్త శైలి వాస్తుకు తొలి నమూనాల్లో ఇదొకటని పుస్తకాలు చెబుతాయి. దాన్ని ఏ రాజు కోసమో కాకుండా ఎవరికీ అక్కరలేని పిల్లల కోసం కట్టారు. తోరణాల మధ్య నీలం రంగు గుండ్రటి పలకల్లో, గుడ్డతో నడుము వరకు చుట్టిన పసిపిల్లల బొమ్మలు, చేతులు చాచి ఉంటాయి. ఆంద్రెయా దెల్లా రొబ్బియా మెరుగుమట్టితో చేసినవి.

1445 ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ, అందుకని అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. ఇదంతా ఎలా తెలుసు? రాసి పెట్టారు కాబట్టి. వర్తకుల సంఘం నడిపిన ఆశ్రమం కదా, ప్రతి బిడ్డకూ ఖాతా ఉంది. ఏ రోజున వచ్చింది, ఒంటి మీద ఏ గుడ్డలున్నాయి, ఏ దాదికి అప్పగించారు, ఆమెకు ఎంత ఇచ్చారు, అన్నీ లెక్కే. నేను జీవితమంతా లెడ్జర్లు చూసినవాణ్ణి. మనుషులను ఇంత శ్రద్ధగా నమోదు చేసిన లెడ్జరు వేరే ఎరగను.

ఆ వరండా చివర ఒక చిన్న కిటికీ ఉంది. ఇనుప కడ్డీల మధ్య పసిబిడ్డ మాత్రమే పట్టేంత సందు. వదిలి వెళ్లేవాళ్లు ఎవరో లోపలివాళ్లకు కనిపించరు. 1875లో దాన్ని మూసేశారు. లోపల మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులు వరసగా ఉంటాయి. ఒక్కోటి లాగి చూడవచ్చు. ఒకదాంట్లో సగానికి విరిచిన పతకం. ఇంకోదాంట్లో పూస, దారం, సగం నాణెం. తల్లి ఒక సగం బిడ్డ మెడలో కట్టి, రెండో సగం తన దగ్గర ఉంచుకునేది. ఎప్పటికైనా మంచి రోజులు వస్తే రెండు ముక్కలూ కలిపి, "ఈ బిడ్డ నాది" అని చెప్పడానికి. అక్కడున్నవి ఎక్కువగా 19వ శతాబ్దానివి. ముక్క ఇంకా సొరుగులోనే ఉందంటే ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. మా బృందంలో ఎవరూ మాట్లాడలేదు. గైడు కూడా అక్కడ ఆ ప్రశ్న వేయలేదు.

వచ్చిన పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. ఎందుకో మన సభకు విడమరచి చెప్పక్కర్లేదు. కట్నం. ఫ్లోరెన్స్ ప్రభుత్వం 1425లో కట్నాల నిధి అనే పథకమే పెట్టింది. ఆడపిల్ల చిన్నగా ఉన్నప్పుడు తండ్రి కొంత సొమ్ము జమ చేస్తాడు, గడువు తీరి పెళ్లయ్యాక పెరిగిన మొత్తం మొగుడికి ఇస్తారు. మధ్యలో పిల్ల చనిపోతే, మొదట్లో అయితే, సొమ్ము ప్రభుత్వానికే. ఆ జమలతో ప్రభుత్వం యుద్ధాల అప్పులు తీర్చుకునేది. ఉన్నవాళ్లకు ఆ నిధి, లేనివాళ్లకు ఈ కిటికీ. ఆశ్రమంలో పెరిగిన ఆడపిల్లలు పట్టు పని చేసేవారు. ఇల్లు కట్టించింది ఏ సంఘమో గుర్తుంది కదా. దాతృత్వంలో లాభం లేదని నేను అనలేను, లాభం ఉంది కాబట్టి దాతృత్వం కాదనీ అనలేను.

మళ్లీ వెనక్కి వచ్చి దక్షిణంగా నడిస్తే ఓర్సాన్‌మికేలె. చర్చి అంటారు, చూస్తే మేడలా ఉంటుంది. అది ధాన్యం బజారు. కింద చర్చి, పైన ధాన్యపు గాదె. లోపల ఒక స్తంభంలో ధాన్యం కిందికి దిగే గొట్టపు నోరు ఇప్పటికీ కనిపిస్తుంది. బయట గోడ గూళ్లలో ఒక్కో వృత్తి సంఘం తమ రక్షక సాధువు విగ్రహం పెట్టాలి. పాలరాయి కంటే కంచు ఎన్నో రెట్లు ఖరీదు. కాలిమాలా వర్తకులు గిబెర్తితో కంచు యోహానును చేయించారు. అది చూసి బ్యాంకర్ల సంఘం అదే గిబెర్తి దగ్గరికి వెళ్లి, తమ మత్తయి విగ్రహం ఆ యోహానుకు తగ్గకుండా ఉండాలని ఒప్పందంలోనే రాయించుకుంది. మత్తయి ఒకప్పుడు సుంకాలు వసూలు చేసినవాడు, బ్యాంకర్లకు తగిన సాధువు. ఆయుధాల తయారీదారులు దోనతెల్లోతో సెయింట్ జార్జిని చేయించారు. బయట ఉన్నవి నకళ్లు.

కొత్త బజారు మండపంలో జనం కంచు పంది ముక్కు రాస్తూ ఉంటారు, మళ్లీ ఫ్లోరెన్స్ వస్తారని నమ్మకం. ఆవిడ మమ్మల్ని పంది దగ్గర ఆపలేదు. మండపం మధ్యలో నేల మీదున్న గుండ్రటి రాయి చూపించారు. దివాలా తీసినవాణ్ణి అక్కడికి తెచ్చి, లాగు విప్పి, పిరుదులు ఆ రాయికి తగిలేలా అందరి ముందు ఎత్తి కుదేసేవారట. బ్యాంకులో ఉన్నప్పుడు ఈ విధానం నాకు తెలిసి ఉంటే బాగుండేది. (పెద్దగా నవ్వులు)

సరే, మైకెలాంజెలో దగ్గరికి వచ్చాం. సిన్యోరియా చౌకు, పాత ప్రభుత్వ భవనం, దాని గుమ్మం ముందు ఆయన డేవిడ్ విగ్రహం, అంటే బైబిలులో గొలియాతు అనే బలవంతుణ్ణి కొట్టిన దావీదు. అది 1910లో పెట్టిన నకలు. అసలుది 1873లో అకాడెమియా మ్యూజియానికి తరలించారు. ఆ రాయి కథ వినదగ్గది. ఒక శిల్పి మొదలుపెట్టి 1460ల్లో వదిలేశాడు, ఇంకొకరు ముట్టుకుని వదిలేశారు. పాడైన రాయని చర్చి ఆవరణలో ఏళ్ల తరబడి పడి ఉంది. 1501లో ఉన్ని సంఘం 26 ఏళ్ల మైకెలాంజెలోతో ఒప్పందం రాసుకుంది. నెలకు 6 బంగారు ఫ్లోరిన్లు, రెండేళ్ల గడువు. పూర్తయ్యాక 1504 జనవరిలో ఎక్కడ పెట్టాలో తేల్చడానికి కమిటీ వేశారు. సభ్యుల్లో లియొనార్దో, బొత్తిచెల్లి ఉన్నారు. విగ్రహాన్ని చర్చి ఆవరణ నుంచి చౌకు దాకా, ఇప్పుడు మనం కొన్ని నిమిషాల్లో నడిచే దూరం, నలభై మంది నాలుగు రోజులు దుంగల మీద జరిపారు. రాత్రి ఎవరో రాళ్లు విసిరితే కాపలా పెట్టారు. ఐదు మీటర్ల ఆ మనిషి అందం చూసి ఊరుకుంటాం గాని, అప్పటివాళ్లకు అది రాజకీయం. మెదీచీలను తరిమేసిన గణతంత్రం, బలవంతుణ్ణి కొట్టిన కుర్రాణ్ణి తన గుమ్మం ముందు నిలబెట్టుకుంది. అదే చౌకులో 1498లో సవొనరోలా అనే సన్యాసిని ఉరితీసి కాల్చేశారు. ఆ చోట గుండ్రటి ఫలకం ఉంది. దాని ముందు ఏడాది అదే సన్యాసి పిలుపు మీద జనం అద్దాలు, విగ్గులు, బొమ్మలు కుప్పపోసి తగలబెట్టారు.

ఉఫీజీ చిత్రశాల లోపలికి మా నడకలో వెళ్లలేదు, దానికి వేరే రోజు కావాలి. పక్కనుంచి నది ఒడ్డుకు వచ్చాం. తల పైకెత్తితే ఉఫీజీ నుంచి వంతెన మీదుగా ఒక కప్పు వేసిన దారి పోతుంటుంది. 1565లో వాస్తుశిల్పి వసారి ఐదు నెలల్లో కట్టాడు, తిరిగొచ్చిన మెదీచీ పాలకుడు జనంలోకి దిగకుండా ఇంటి నుంచి కార్యాలయానికి వెళ్లడానికి. వంతెన అవతలి కొసన మన్నెల్లి వాళ్ల బురుజు అడ్డొచ్చింది. వాళ్లు పడగొట్టనివ్వలేదు. దారి దాని చుట్టూ వంకర తిరిగి పోతుంది, ఇప్పటికీ చూడవచ్చు. పోంతె వెక్కియో అనే ఆ వంతెన మీద అప్పుడు మాంసం కొట్లుండేవి. 1593లో వాటిని తీయించి బంగారం పనివాళ్లను పెట్టారు. 1944 ఆగస్టులో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం ఆర్నో మీది మిగతా వంతెనలన్నీ పేల్చేసి దీన్ని మాత్రం వదిలింది. దాని బదులు రెండు కొసల్లోని పాత ఇళ్లు కూల్చి దారి మూసేసింది.

చివరికి సాంతా క్రోచె వైపు. సాన్ రెమీజియో వీధి మూలన గోడ మీద రెండు పాత గుర్తులు. ఒకదాంట్లో చెక్కిన చెయ్యి వేలితో నీటి మట్టం చూపిస్తుంది, 1333 నవంబరు 4. దానికంటే పైన ఇంకోటి, 1966 నవంబరు 4. తేదీ అదే. మనలో కృష్ణ, గోదావరి వరదలు చూసినవాళ్లున్నారు, ఆ గుర్తు కింద నిలబడితే మీకు వేరే వివరణ అక్కర్లేదు. నా తలకు ఎంతో పైన ఉంది. చమురు కలిసిన బురదలో సాంతా క్రోచెలోని చిమబూయె చిత్రించిన సిలువ సగానికి పైగా రంగు పోగొట్టుకుంది. జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రకారు వరసలుగా నిలబడి చేతుల మీదుగా పుస్తకాలు బయటికి అందించారు. ఇప్పటికీ ఆ ఊరు వాళ్లను బురద దేవదూతలంటుంది.

సాంతా క్రోచెలో మైకెలాంజెలో, గలీలియో, మాకియవెల్లి సమాధులున్నాయి. కవి దాంతే పేరుతో పెద్ద సమాధి ఉంది గాని లోపల ఆయన లేడు. వెళ్లగొట్టిన ఊరికి ఆయన తిరిగి రాలేదు, రవెన్నాలోనే ఉన్నాడు. బలిపీఠం పక్కన బార్ది, పెరూత్సి చాపెళ్లలో జొత్తో చిత్రాలున్నాయి. ఆ రెండు కుటుంబాలూ బ్యాంకర్లే. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డుకు అప్పులిచ్చి, ఆయన ఎగ్గొట్టడంతో 1340ల్లో కూలిపోయారు. బ్యాంకులు పోయాయి, చాపెళ్లు మిగిలాయి.

ఇన్ని తరాల సంపద ఊళ్లోనే ఎలా ఉండిపోయింది? మెదీచీ వంశంలో ఆఖరి మనిషి ఆన్నా మరియా లుయీజా. పిల్లలు లేరు. రాజ్యం వేరే వంశానికి పోతోంది. 1737లో ఆమె కొత్త పాలకులతో ఒప్పందం రాయించుకుంది. చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలయాలు, నగలు ఏవీ ఊరు దాటి పోకూడదు. అవి రాజ్యానికి అలంకారంగా, ప్రజలకు ఉపయోగంగా ఉండాలి, విదేశీయుల కుతూహలాన్ని ఆకర్షించాలి. అంటే మనలాంటివాళ్లు వస్తారని ఆమె లెక్క వేసింది. మరీ ఇంతమంది వస్తారని వేసి ఉండదు. పాత ఊళ్లో ఇళ్లన్నీ పర్యాటకుల బసలుగా మారిపోతుంటే 2023లో నగరపాలకులు అక్కడ కొత్తగా అలాంటి అద్దెలు పెట్టకుండా నిషేధం తెచ్చారు. మనం వెళ్లడం కూడా ఆ ఊరికి ఒక ఖర్చే. ఇంతటితో ముగిస్తాను, ప్రశ్నలుంటే అడగండి.

(సభికుల ప్రశ్నలు)

ప్రశ్న: గైడుకు డబ్బు దండగ కదండీ, ఫోనులో అంతా దొరుకుతుంది.

జవాబు: దొరుకుతుంది సార్. కానీ నేల మీదున్న తెల్లరాయి గురించి అడగాలని ముందు మీకు తోచాలి కదా. ఉచిత నడక అని పిలిచేవాళ్లు కూడా చివర్లో తోచినంత ఇవ్వమంటారు, కాబట్టి లైసెన్సు చూసి, బృందం చిన్నదిగా ఉండేలా ఎంచుకోండి. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. చిరునామా వెతికేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఒకే వీధిలో రెండు వరసల నంబర్లుంటాయి. ఎరుపువి దుకాణాలకు, నలుపువో నీలంవో ఇళ్లకు. ఎరుపు 15 పక్కన నలుపు 40 ఉన్నా ఆశ్చర్యపోకండి.

ప్రశ్న: శాకాహారులకు తిండి?

జవాబు: అమ్మా, వీధి బండి మీద ఘుమఘుమలాడే లంప్రెదొత్తో అనేది ఆవు పొట్ట, దాని జోలికి పోకండి. రిబొల్లీతా అని పాత రొట్టె, చిక్కుళ్లు, నల్ల క్యాబేజీ ఆకులు వేసి మరగించిన చారు ఉంటుంది, బాగుంటుంది. మాంసం ముక్కలు వేశారేమో ముందే అడగండి. వాళ్ల రొట్టెలో ఉప్పు ఉండదు, అది వాళ్ల పద్ధతి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. నడవగలనా?

జవాబు: మాస్టారూ, గుమ్మటం ఎక్కవద్దు, 463 మెట్లు, లిఫ్టు లేదు. మిగతా ఊరు దాదాపు చదును, కాకపోతే రాతి పలకల నేల, మెత్తటి బూట్లు వేసుకోండి. అలసట వస్తే కవూర్ వీధిలో మెదీచీల మేడ గోడ వెంట పొడవాటి రాతి అరుగు ఉంది. కోసిమోతో పని పడి వచ్చినవాళ్లు ఎదురుచూస్తూ కూర్చోవడానికి వేయించింది. ఎంతసేపైనా కూర్చోండి, దానికి టికెట్ లేదు.